సోఫా వేసిన బస్టాపు

ఆ మంగళవారం పొద్దున లయనెల్ ఫార్కర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. హాల్లో ఉన్న సోఫాను వీధి చివరి బస్టాపు దగ్గరికి చేర్చాలి. దాని మీద నలుగురు కూర్చుని కబుర్లాడుకుంటుంటే కెమెరాలో పట్టాలి. మధ్యాహ్నం భార్య డ్యూటీ దిగి వచ్చేలోగా సోఫాను ఎప్పటిలాగే గోడ పక్కన పెట్టేసి, ఏమీ ఎరగనట్టు టీ కాచుకోవాలి. అంతే. జూలై నెల, మాకు నడి చలికాలం, ముసురు. మెల్బోర్న్‌కి ఉత్తరాన మా ఆల్డర్‌వేల్ పేటలో జూలై ఆకాశం అంట్లు కడిగిన నీళ్ళలా ఉంటుంది. దాన్ని చూశాక కుక్క కూడా గడప దాటదు. అలాంటి రోజున జనం ఆరుబయట సోఫా మీద కూర్చుని కబుర్లాడతారని నమ్మాడంటే, ఆ మనిషి ఎలాంటివాడో ముందు చెప్పుకోవాలి.

లయనెల్ ముప్పై ఏళ్ళుగా నగరాల మీద డాక్యుమెంటరీలు తీస్తున్నాడు. కాలిబాటల మీద ఒకటి, ట్రాముల మీద రెండు, నాలుగు రోడ్లు కలిసే చోట ఉండే గుండ్రటి దిమ్మ మీద ఒకటి. ఆ దిమ్మ చిత్రం నలభై నిమిషాలు. కార్లు దాని చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. పేట లైబ్రరీలో వేసినప్పుడు పదకొండు మంది వచ్చారు, అందులో తొమ్మిది మంది బిస్కట్ల కోసం వచ్చినవాళ్ళు. అన్ని చిత్రాల్లోనూ ఒకచోట లయనెల్ గొంతు వినిపిస్తుంది: "కుర్చీ వేస్తే మనిషి ఆగుతాడు. మనిషి ఆగితే మాట పుడుతుంది. మాట పుడితే ఊరు పుడుతుంది." కార్లంటే అతనికి గిట్టదు. ఇరవై ఏళ్ళ కిందట స్టీరింగు మీద ఒట్టేసి వదిలేశాడు. ఇంట్లో ఉన్న కారు భార్య హెదర్‌ది.

అతనికి ఇంకో నియమం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తాడు, తీసినదాంట్లో ముక్క కూడా కత్తిరించడు. "కత్తెర పట్టని దర్జీని కట్టుకున్నాను" అని హెదర్ ఆస్పత్రిలో తోటి నర్సులతో చెబుతూ ఉంటుంది. నిరుడు అతను మా ఫెర్నీ వీధి బస్టాపు మీద 'ఎవరూ ఆగని చోటు' అని ఓ చిత్రం తీశాడు. ఒక రోజంతా కెమెరా పెట్టుకుని స్టాపు ఎదురుగా కూర్చున్నాడు. గంటకో బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, పోయింది. ఒక్క మనిషి ఎక్కలేదు, ఒక్క మనిషి దిగలేదు. దాని మీద లయనెల్ గొంతు, శివారు పేటల ఒంటరితనం గురించి. చూసినవాళ్ళకి నిజంగానే దిగులు పట్టుకుంది. ఎక్కడో చిన్న ఉత్సవంలో ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అదే అతని కొంప ముంచింది. అతని కొంప అనుకున్నాం గానీ, నిజానికి కార్మెనమ్మ కొంప.

కార్మెనమ్మది మాల్టా నుంచి వచ్చిన కుటుంబం. ఎనభై ఒకటి నిండాయి, లయనెల్ ఇంటికి రెండిళ్ళ అవతల ఒక్కతే ఉంటుంది. సోమవారం సాయంత్రం ఆవిడ ఒక చేత్తో వేడివేడి చీజు పస్తిత్సీల పళ్ళెం (మాల్టావాళ్ళ కజ్జికాయలు లెండి), ఇంకో చేత్తో ఒక కవరు పట్టుకుని లయనెల్ గుమ్మంలో నిలబడింది.

"లయనెల్ నాయనా, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఏమో. ఇదేంటో కాస్త చదివిపెట్టు."

లయనెల్ చదవడం మొదలుపెట్టాడు. "ఫెర్నీ వీధి స్టాపును వినియోగించుకునే ప్రయాణికులు లేనందున దానిని తొలగించాలని బస్సుల శాఖ భావిస్తున్నది. ఈ విషయం... ఈ విషయం..."

"ఆగావేం?"

"మిగతాది మామూలేనమ్మా."

"ఆ మామూలేదో అదే చదువు."

"ఈ విషయం 'ఎవరూ ఆగని చోటు' అనే డాక్యుమెంటరీ చిత్రంలో స్పష్టంగా కనిపిస్తున్నది."

పస్తిత్సీ లయనెల్ గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగాక, అతనికి ఏడాదిగా తట్టని అనుమానం ఒకటి తట్టింది. "అవునూ, మీరు రోజూ పదిన్నర బస్సు ఎక్కుతారు కదమ్మా. నేను తీసిన రోజు ఎందుకు రాలేదు?"

"ఎందుకు రాలేదూ, వచ్చాను! నువ్వు ఆ మూడుకాళ్ళదాన్ని నిలబెట్టుకుని కూచున్నావు. నేనేమో ఇంటి చెప్పుల్లో ఉన్నాను, తల దువ్వుకోలేదు. ఆ అవతారంతో సినిమాలో పడమంటావా? గోడ చాటు నుంచే వెనక్కి తిరిగి మిట్ట మీది స్టాపుకి నడుచుకుంటూ పోయాను. మోకాళ్ళకి మూడు రోజులు నూనె రాసుకున్నాననుకో. నేనొక్కదాన్నే కాదు, ఆ ఎర్రకోటు పంతులమ్మ, చేతికర్ర పెద్దాయన, బేకరీ పిల్ల, అందరం నిన్ను చూసి అక్కడికే పోయాం. నీ కెమెరాని తిట్టుకుంటూ ఎంత కాలక్షేపం అయిందనీ!"

లయనెల్ కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా అతను వెతుకుతున్న ఊరు ఆ రోజు మిట్ట మీది స్టాపులో పుట్టింది. దాన్ని అక్కడికి తరిమినవాడు తనే. ప్రశంసాపత్రం ఎదురుగా గోడకు వేలాడుతూ ఉంది.

"పోనీ నేను... అంటే హెదర్ మిమ్మల్ని కారులో దింపుతుందమ్మా" అన్నాడు.

కార్మెనమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడ భర్త జుజెప్పి మా రూట్లోనే ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. ఆ ముప్పై ఒక్క ఏళ్ళూ ఆవిడ పదిన్నర బస్సు ఎక్కి, చివరి స్టాపులో అతనికి అన్నం డబ్బా ఇచ్చి వచ్చేది. ఇప్పుడాయన ఆ చివరి స్టాపు ఎదుటి వృద్ధాశ్రమంలో ఉన్నాడు. జ్ఞాపకం పోయింది. కొడుకు పేరు పోయింది, మాల్టా పోయింది, బస్సు మాత్రం మిగిలింది. పదకొండుకు పది నిమిషాలుండగా కిటికీ దగ్గర కూర్చుంటాడు. బస్సు ఆగి, అందులోంచి డబ్బాతో ఓ ఆడమనిషి దిగితే, ఆమె తన భార్య. ఇంకెలా వచ్చినా కాదు.

"పోయిన నెల్లో మా తమ్ముడి కొడుకు కారులో తీసుకెళ్ళాడు" అంది కార్మెనమ్మ. "'ఎవరమ్మా మీరు? మా ఆవిడ బస్సులో వస్తుంది, కాస్త కిటికీకి అడ్డం తప్పుకోండి' అన్నాడు నాయనా. అరవై ఏళ్ళ కాపురం. రెండు గంటలు తప్పుకునే కూచున్నాను."

ఆ మాట విన్నాక లయనెల్‌కు రాత్రంతా కంటిమీద కునుకు లేదు. ఉత్తరం చివర ఒక ఆశ మిగిలి ఉంది. మంగళవారం పది నుంచి పన్నెండు వరకు శాఖ తరఫున ఒకరు వచ్చి, స్టాపులో మూడు నిమిషాలకు మించి ఆగే మనుషుల్ని లెక్కిస్తారట. నివాసులు కావాలంటే ఆధారాలు కూడా పంపుకోవచ్చట. స్టాపులో పాత బెంచీని ఎప్పుడో పీకేశారు కనుక, మనిషి ఆగాలంటే ముందు కుర్చీ కావాలి. సోఫా ఆలోచన అలా పుట్టింది.

హెదర్ ఏడింటికి డ్యూటీకి వెళ్ళగానే లయనెల్ పని మొదలుపెట్టాడు. అది వాళ్ళత్తగారిచ్చిన ఆకుపచ్చ ముఖమల్ సోఫా. దాని మీద కాఫీ కప్పుతో కూర్చునే హక్కు లయనెల్‌కు పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో రాలేదు. కాళ్ళ కింద పాత దుప్పట్లు వేసి, గుమ్మం అంచులు గీరుకుంటూ, ఆపసోపాలు పడి లాగి, స్టాపు పక్కన గడ్డి మీద పెట్టాడు. నిండుగా ఉంటుందని ఒక చిన్న బల్ల, గొడుగు దీపం కూడా తెచ్చి పెట్టాడు. నిరుటి పాఠం గుర్తుంది కాబట్టి ఈసారి కెమెరాను రోడ్డవతల పొదలో దాచాడు, దాని వెనక తను నక్కాడు. ఏం జరిగినా కలగజేసుకోకూడదు, జీవితాన్ని దాని మానాన వదిలేయాలి అని గట్టిగా అనుకున్నాడు.

వాళ్ళింటి ఫ్రిజ్ తలుపు మీద రొయ్య బొమ్మ అయస్కాంతం కింద మునిసిపాలిటీ కాగితం ఒకటి పదిహేను రోజులుగా వేలాడుతోంది. ఈ మంగళవారం నుంచి ఫెర్నీ వీధిలో పాత సామాన్ల వారం అని అందులో ఉంది. ఫ్రిజ్ మీద పెట్టిన కాగితాన్ని లయనెల్ చదివిన పాపాన పోలేదు. ఆ వారంలో ఇంట్లో పనికిరానివన్నీ రోడ్డంచు గడ్డి మీద పెడతాం, లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. లారీ వచ్చేలోగా కావలసినవాళ్ళు కావలసింది తీసుకుపోతారు. గడ్డి మీద పెట్టాక ఆ వస్తువు ఎవరి సొంతమూ కాదు. మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

తొమ్మిదిన్నరకు ఎర్రకోటు పంతులమ్మ వచ్చింది. సోఫాను చూసి, "ఓహో, ఈసారి కుప్ప ఇక్కడన్నమాట" అనుకుని ఇంటికి వెళ్ళి, ఒక కాలు విరిగిన కుర్చీ తెచ్చి సోఫా పక్కన పెట్టింది. ఆమె మాట పొదదాకా వినిపించలేదు. కుర్చీ మాత్రం కనిపించింది. లయనెల్ గుండె ఉప్పొంగింది. వెంటనే చేతికర్ర పెద్దాయన రెండు స్టూళ్ళు ఈడ్చుకొచ్చాడు. బేకరీ పిల్ల ఊగే కుర్చీ తెచ్చింది. "నేను కుర్చీ వేస్తే మనిషి ఆగుతాడన్నాను. వీళ్ళు కుర్చీలే మోసుకొస్తున్నారు!" అని లయనెల్ పొదలో కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఇద్దరు మనుషులు తలుపు లేని ఫ్రిజ్ ఒకటి తెచ్చారు. చిరుతిళ్ళు పెట్టుకోవడానికేమో అనుకున్నాడు. పరుపు వచ్చినప్పుడు కొంచెం తికమకపడ్డాడు గానీ, పెద్దవాళ్ళు నడుం వాలుస్తారేమోలే అని సర్దిచెప్పుకున్నాడు. కదలని వ్యాయామం సైకిలు వచ్చింది. అది కూడా ఒకరకంగా రవాణా సంబంధమైనదే. ఆ వెనకే ఒకావిడ కమోడ్ మూత తెచ్చి గొడుగు దీపానికి ఆనించినప్పుడు మాత్రం, ఇందులో ఏదో తేడా ఉందని లయనెల్‌కు మొదటిసారి అనిపించింది.

పదింటికి బస్సుల శాఖ మనిషి వచ్చింది. పేరు బ్రోన్విన్, పసుపు కోటు, చేతిలో లెక్క మీట. కారులోనే కూర్చుని అద్దంలోంచి చూస్తూ నొక్కడం మొదలుపెట్టింది. అప్పటికి కుప్ప కబురు పక్క వీధులకు పాకింది. ముసురులోనే కార్లు వచ్చి వరసగా ఆగాయి. జనం దిగి కుర్చీలు తిరగేసి చూస్తున్నారు, ఫ్రిజ్‌ను తడుతున్నారు. సోఫా మీద కూర్చుని ఎగిరెగిరి చూసి, స్ప్రింగులు గట్టివే అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆ దీపం నేను ముందు చూశానంటే నేను ముందని ఇద్దరు ఆడవాళ్ళు వాదులాడుకుని, చివరికి ఇద్దరి అమ్మమ్మలదీ ఒకే ఊరని తేలి, దీపం సంగతి మరిచిపోయారు. బ్రోన్విన్ బొటనవేలు నొప్పి పుట్టేలా మీట నొక్కుతోంది.

పదీ ఇరవైకి కార్మెనమ్మ వచ్చింది. తల నున్నగా దువ్వుకుంది. ముత్యాల దండ, పెదాలకు రంగు, కొత్త బూట్లు, చేతిలో అన్నం డబ్బా. లయనెల్ పొద్దున చెప్పినట్టే నేరుగా వెళ్ళి సోఫా మధ్యలో కూర్చుంది. ముఖమల్ సోఫా ఆవిడను నడుందాకా లోపలికి లాక్కుంది. కెమెరాలో ఆ దృశ్యం చూసి లయనెల్, ముప్పై ఏళ్ళ శ్రమకు ఇది చాలు అనుకున్నాడు.

అప్పుడే వెనక తొట్టి ఉన్న యూట్ బండి ఒకటి వచ్చి సరిగ్గా బస్సు ఆగే చోట ఆగింది. అందులోంచి వార్విక్ అనే భారీ మనిషి తాడు చుట్టతో దిగాడు. పాత సామాన్ల వారం ఎక్కడుంటే అక్కడ వాలే మనిషి.

"అమ్మా, కాస్త లేస్తారా? సోఫా ఎత్తాలి."

"బస్సొచ్చేదాకా లేవను నాయనా."

"సోఫాని బస్సులో తీసుకెళ్తారా ఏంటి?"

"సోఫా నీ ఇష్టం. నేను మాత్రం పదిన్నర బస్సుకి వెళ్ళాలి."

"సరే, మీరు వెళ్ళాకే ఎత్తుతాను" అన్నాడు వార్విక్ మర్యాదగా, పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటూ. "వాన పెద్దదవకుండా ఉంటే బాగుండు."

పదిన్నర బస్సు రానే వచ్చింది. ఆగాల్సిన చోట యూట్ ఉంది, దాని ముందూ వెనకా కార్లున్నాయి. స్తంభం దగ్గర నిలబడి చెయ్యెత్తిన మనిషి లేడు. ఫ్రిజ్‌కీ పరుపుకీ మధ్య ముత్యాల దండ వేసుకున్న ఒక ముసలావిడ సోఫాలో కూరుకుపోయి ఉంది. సామాన్లతో పాటు పెట్టిన మనిషిని ఎక్కించుకోవాలని ఆ డ్రైవరుకు తోచలేదు. కార్మెనమ్మ లేవబోయింది. సోఫా లేవనివ్వలేదు. డబ్బా ఉన్న చెయ్యి ఎత్తింది, అది ఫ్రిజ్ చాటున పడి ఎవరికీ కనిపించలేదు. బస్సు వేగం తగ్గించి, ఒకసారి చూసి, మెల్లగా వెళ్ళిపోయింది.

ఏం జరిగినా కలగజేసుకోనన్న మనిషి పొదలోంచి కేకలు వేస్తూ రోడ్డు మీదికి ఉరికాడు. "ఆపండి! ఆపండి! అది నా సోఫా!"

బస్సు మలుపు తిరిగిపోయింది. వార్విక్ తీరిగ్గా చూశాడు. "గడ్డి మీద పెట్టాక నీదీ నాదీ ఏంటి గురూ?"

"నేను దాన్ని పారెయ్యలేదయ్యా! సినిమా కోసం పెట్టాను!"

"పాత సామాన్ల వారంలోనా?"

లయనెల్ చుట్టూ చూశాడు. ఫ్రిజ్, పరుపు, సైకిలు, మూత. అప్పుడు అర్థమైంది పాపం. ఇంతలో సోఫాలోంచి చిన్నగా ఏడుపు వినిపించింది.

"కిటికీ దగ్గర కూచుని ఉంటాడు నాయనా. బస్సు వస్తుంది, నేను దిగను. ఇంకో గంటకి గానీ బస్సు లేదు. పదకొండున్నరకి వాళ్ళు అన్నం పెట్టి పడుకోబెట్టేస్తారు."

వార్విక్ ఆవిడను చూశాడు, రోడ్డు చూశాడు. రెండు చేతులూ చాచి ఆవిడను సోఫాలోంచి పైకి లేపాడు. "రండమ్మా, తర్వాతి స్టాపులో ఆ బస్సునే పట్టుకుందాం. ఏయ్ గురూ, నువ్వు అటు పట్టు." నిమిషంలో సోఫా తొట్టిలో పడింది, దాని మీద రెండు తాళ్ళు పడ్డాయి, ముందు సీట్లో వార్విక్ పక్కన కార్మెనమ్మ, ఆవిడ పక్కన లయనెల్ ఇరుక్కున్నారు. సోఫా అక్కడే వదిలేయవచ్చు కదా అని మీరనొచ్చు. అదే మాట లయనెల్ అన్నాడు. "వదిలేస్తే ఇంకోడు ఎత్తుకుపోడూ?" అన్నాడు వార్విక్.

బస్సు కనుచూపు మేరలోనే ఉంది. కానీ ఆ రోడ్డంతా గజానికో స్పీడ్ బ్రేకర్ గడ్డ. కార్ల వేగం తగ్గాలని నాలుగేళ్ళ కిందట వేసినవి. బస్సుల కోసం పక్కన చదునైన దారి వదిలారు, అందులోకి వేరే బండ్లు వెళ్ళకూడదు. గడ్డ వచ్చినప్పుడల్లా వెనక సోఫా ఎగిరి పడుతోంది, ముందు కార్మెనమ్మ డబ్బా పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది.

"ఈ గడ్డలు వేయించిన వెధవ దొరికితే ఇదే రోడ్డు మీద పరిగెత్తిద్దును" అన్నాడు వార్విక్.

లయనెల్ కిటికీలోంచి బయటికి చూశాడు. 'నెమ్మది వీధి' అని యాభై నిమిషాల చిత్రం తీసి, మునిసిపాలిటీ చుట్టూ రెండేళ్ళు తిరిగి వాటిని వేయించినవాడు తనేనని చెప్పడానికి అది సమయం కాదనిపించింది. గుండ్రటి దిమ్మ దగ్గర ఒక వ్యాను దారి ఇవ్వక ఇంకో నిమిషం పోయింది. ఆ దిమ్మ గురించి అతనికి తెలిసినంత ఈ దేశంలో ఎవరికీ తెలియదు. అదేమీ పనికిరాలేదు.

వాళ్ళు చివరి స్టాపు చేరేసరికి బస్సు అప్పుడే కదిలి పోతోంది. వృద్ధాశ్రమం కిటికీలో తెల్లటి తల ఒకటి ఆ బస్సు వెళ్ళిన వైపే చూస్తోంది.

కార్మెనమ్మ డబ్బా పట్టుకుని లోపలికి పోయింది. జుజెప్పి తల తిప్పి మర్యాదగా నవ్వాడు. "ఎవరమ్మా మీరు?"

"నేనే జుజె. కార్మెనాని."

"మా ఆవిడ పేరూ అదే. ఇవాళ బస్సులో రాలేదు. ఎప్పుడూ ఇలా చెయ్యదు." ఆయన మళ్ళీ కిటికీ వైపు చూశాడు. "ఒంట్లో బాగోలేదో ఏమో. మీరు ఎక్కడైనా చూశారా?"

కార్మెనమ్మ లేదన్నట్టు తల ఊపింది. గుమ్మంలో నిలబడ్డ వార్విక్ టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. ఆశ్రమం నడిపే ఆవిడ అతని బండిలో సోఫాను చూసి, కిటికీ దగ్గర పెద్దాయన కుర్చీ విరిగిపోయి వారమైంది, స్టూలు మీద కూచోబెడుతున్నాం, అది ఎవరిదండీ అని అడిగింది. వార్విక్ లయనెల్ వైపు చూశాడు. లయనెల్ తలవంచుకుని, "ఎవరిదీ కాదండీ" అన్నాడు.

ఇద్దరూ కలిసి సోఫాను కిటికీ దగ్గర దించారు. జుజెప్పి కూర్చుని, చేత్తో ముఖమల్‌ను నిమిరి చూశాడు. "మంచి సీటు. నా బస్సులో ఇలాంటివి ఒక్కటీ ఉండేవి కావు." తర్వాత పక్కనున్న చోటు చూపించాడు. "మీరూ కూచోండమ్మా, మా ఆవిడ వచ్చేదాకా." కార్మెనమ్మ ఆయన పక్కన, పరాయి మనిషి కూర్చున్నట్టు అంచున కూర్చుని, డబ్బా మూత తీసింది. లయనెల్ అక్కడ నిలబడలేకపోయాడు.

అతను తిరుగు బస్సులో వచ్చి మిట్ట మీది స్టాపులో దిగి, పన్నెండింటికి ఫెర్నీ వీధి చేరేసరికి బ్రోన్విన్ ముఖం చేటంత చేసుకుని ఎదురొచ్చింది. "అరవై నాలుగు మందండీ! రెండు గంటల్లో! ఈ వానలో! నా ఉద్యోగంలో ఇంత సందడి ఉన్న స్టాపు చూడలేదు. మీ స్టాపు ఖాయం, నా లెక్క ఒక్కటే చాలు. మీరింకేమీ పంపక్కర్లేదు."

లయనెల్‌కు ప్రాణం లేచివచ్చింది. పొదలో కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

హెదర్ రెండింటికి వచ్చింది. హాల్లో గోడ పక్కన, ఇరవై ఆరేళ్ళుగా చీపురు తగలని నాలుగు పలకల మేర ధూళి చూసింది. "సోఫా ఏది?"

లయనెల్ మొత్తం చెప్పాడు. ఆవిడ చేతిసంచీ కింద పెట్టకుండానే విన్నది. జుజెప్పి మాట వచ్చినప్పుడు కూర్చోబోయి, కూర్చోడానికి ఏమీ లేక నిలబడింది. చివరికి, "సరే, అమ్మ సోఫా ఎవరికో ఒకరికి పనికొచ్చింది. స్టాపు నిలబడింది కదా, అంతే చాలు. ఇక నువ్వా కెమెరా జోలికి పోకు" అంది.

"పోకపోతే ఎలా? అరవై నాలుగు మంది! అంతా రికార్డయింది. శాఖవాళ్ళు ఒక్కసారి చూస్తే..."

"లయనెల్, ఆవిడ పంపక్కర్లేదంది కదా!"

"అంకెలో ఏముంది హెదర్? వాళ్ళకి ఆ జీవం కనపడాలి."

"పోనీ పంపు మహానుభావా, ఈ ఒక్కసారికి కత్తెర పట్టు. జనం కూచున్న ముక్క ఒక్కటి పంపించి ఊరుకో."

"ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను. అది నా నియమం."

'అందరూ ఆగిన చోటు' అని పేరు పెట్టి, రెండు గంటల నలభై నిమిషాల చిత్రాన్ని ముక్క కూడా తీసేయకుండా శాఖకు పంపాడు.

మూడు వారాల తర్వాత కార్మెనమ్మ మళ్ళీ కవరు తెచ్చింది. ఈసారి పస్తిత్సీలు లేవు. ఇక్కడ మళ్ళీ బస్సు ఆగదేమోనన్న భయంతో ఆ రోజు నుంచి మిట్ట మీది స్టాపుకు నడిచి నడిచి ఆవిడకు పొయ్యి ముందు నిలబడే ఓపిక ఉండటం లేదు, వారంలో రెండు మూడు రోజులు అసలు వెళ్ళలేకపోతోంది. లయనెల్ చదివాడు. ఫెర్నీ వీధి స్టాపును ఉంచుతున్నారు. అంతేకాదు, కొత్త కప్పు, కొత్త బెంచీ, దీపం కూడా పెడుతున్నారు. అయితే, నివాసులు పంపిన చిత్రాన్ని శాఖ ఆసాంతం పరిశీలించింది. అరవై నాలుగు మందిలో ఏ ఒక్కరూ బస్సు ఎక్కలేదు, దిగలేదు, రెండు బస్సులు ఆగకుండా వెళ్ళినా ఎవరూ ఆక్షేపించలేదు. ఒకాయన మాత్రం సోఫా గురించి అరిచాడు. కాబట్టి అక్కడ జనానికి కావలసింది కూర్చునే చోటే తప్ప బస్సు కాదని తేలింది. ఇకపై బస్సు అక్కడ ఆగదు.

"స్టాపు ఉంటుందా?" అంది కార్మెనమ్మ.

"ఉంటుందమ్మా."

"బస్సో?"

లయనెల్ ఉత్తరాన్ని మడిచి కవరులో పెట్టాడు. కార్మెనమ్మ "నీ తప్పేముందిలే నాయనా, మంచికే చేశావు" అని లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని లయనెల్‌కు ఏడుపొచ్చింది. గోడ మీది ప్రశంసాపత్రం తీసి బీరువా వెనక పడేశాడు. హెదర్ అంతా వింటూనే ఉంది. తాళాల గుత్తి తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది.

"రేపట్నుంచి నా డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకుంటాను. కారు నువ్వు తియ్యి. చివరి స్టాపుకి ముందు స్టాపు ఉంది చూడు, అక్కడ దింపు ఆవిణ్ణి. ఒక్క స్టాపు బస్సులో వెళ్తే చాలు, ఆయనకి దిగడమే కదా కనపడాల్సింది."

ఇరవై ఏళ్ళు స్టీరింగు ముట్టని మనిషి మర్నాడు పొద్దున్నే కారు తీశాడు. తను వేయించిన గడ్డలన్నీ ఒక్కొక్కటిగా ఎక్కి దిగాడు, గుండ్రటి దిమ్మ దగ్గర నలుగురి చేత హారను కొట్టించుకున్నాడు. చివరి స్టాపుకు ముందు స్టాపులో కార్మెనమ్మను దింపి, బస్సు వచ్చేదాకా ఆవిడ పక్కనే చలిలో నిలబడ్డాడు. ఆవిడ ఎక్కాక బస్సు వెనకే వెళ్ళి ఆశ్రమం ఎదురుగా ఆపాడు. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ముత్యాల దండ, అన్నం డబ్బా, కొత్త బూట్లు ఒక్కో మెట్టూ దిగాయి. కిటికీలో ఆకుపచ్చ సోఫా మీదినుంచి తెల్లతల ఒకటి చప్పున లేచింది. అద్దం అవతలి మాటలు లయనెల్‌కు వినపడలేదు. తర్వాత కార్మెనమ్మ చెప్పింది. "'ఇన్నాళ్ళూ ఏమైపోయావే? ఆ డ్రైవరు సరిగ్గా నడపడం లేదా?' అన్నాడు" అని. చెబుతూ కళ్ళు ఒత్తుకుంది. లయనెల్ ఆ దృశ్యాన్ని కెమెరాలో పట్టలేదు. కెమెరా ఇంట్లోనే వదిలేసి వచ్చాడు.

అప్పటినుంచి రోజూ అదే వరస. ఫెర్నీ వీధిలో కొత్త కప్పు కింద కొత్త బెంచీ తళతళలాడుతోంది. బస్సు దాని ముందునుంచే వెళ్ళిపోతుంది. ఎవరూ కూర్చోరు.

మొన్న బస్సుల శాఖ నుంచి లయనెల్ పేరనే ఒక ఉత్తరం వచ్చింది. చివరి స్టాపుకు ముందు స్టాపులో రోజుకు ఒకే ఒక మనిషి ఎక్కుతున్నట్టు, అదీ ఒక్క స్టాపు దూరానికే ఎక్కుతున్నట్టు తమ దృష్టికి వచ్చిందనీ, దాని మీద నిర్ణయం తీసుకునే ముందు ఆ స్టాపు పైన ఒక డాక్యుమెంటరీ తీసి ఇవ్వగలరా అనీ అందులో అడిగారు. లయనెల్ దాన్ని తీసుకెళ్ళి, ఫ్రిజ్ తలుపుకు, రొయ్య బొమ్మ కింద పెట్టాడు.